చిన్న ఆఫీసులో ఇంటర్నెట్ కంట్రోల్: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది?

పది, పదిహేను సిస్టమ్‌లున్న ఆఫీసులో "నెట్ కాస్త కంట్రోల్ చేయాలి" అనే మాట వచ్చిందంటే దాని వెనక మూడు గొడవల్లో ఒకటి ఉంటుంది. అకౌంట్స్ సిస్టమ్‌లో ఎవరో ఏదో డౌన్‌లోడ్ చేసి వైరస్ తెచ్చుకున్నారు. లేదంటే పనివేళల్లో వీడియోలు, షాపింగ్ నడుస్తున్నాయి. అదీ కాకపోతే నెట్ స్లో అయింది, ఎవరు వాడేస్తున్నారో తెలియడం లేదు.

మీది మూడో గొడవైతే సైట్లు బ్లాక్ చేసే పని పెట్టుకోకండి. నెట్ తినేస్తున్నది చాలాసార్లు మనుషులు కాదు. క్లౌడ్ బ్యాకప్, విండోస్ అప్‌డేట్, ఫోన్ల నుంచి వెళ్లే ఫోటోల సింక్. రౌటర్‌లో ఏ ఐపీ (నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఉండే నంబరు) ఎంత వాడుతోందో చూసి ఒక్కో సిస్టమ్‌కి స్పీడ్ పరిమితి పెడితే సరిపోతుంది. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సెట్టింగ్ ఉంది. అందులో అప్‌డేట్ల డౌన్‌లోడ్ వేగానికి హద్దు పెట్టొచ్చు, ఒక సిస్టమ్ దించుకున్న అప్‌డేట్‌ని పక్క సిస్టమ్‌లు లోకల్‌గానే తీసుకునేలా కూడా చేయొచ్చు. ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి రెండు గొడవల గురించే.

## ముందు తేల్చుకోవాల్సినవి

కొన్నిటిని ఆపాలా, కొన్నిటినే వదలాలా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. "అన్నీ తెరుచుకోవచ్చు, ఈ పది తప్ప" అనేది ఒక దారి, అది బ్లాక్‌లిస్ట్. "ఏదీ తెరుచుకోదు, ఈ పది తప్ప" అనేది ఇంకో దారి, అది వైట్‌లిస్ట్. బ్లాక్‌లిస్ట్ పెట్టడం తేలిక, కానీ ఎప్పటికీ పూర్తికాదు. ఒక వీడియో సైట్ ఆపితే ఇంకోటి దొరుకుతుంది. వైట్‌లిస్ట్ పెట్టడం మొదటి రెండు వారాలు నరకం, కుదురుకున్నాక దాని జోలికి వెళ్లే పని పెద్దగా ఉండదు.

అందరికీ ఒకే రూలా, సిస్టమ్‌ని బట్టి వేరా? బిల్లింగ్ కౌంటర్ సిస్టమ్‌కి నెట్ అక్కర్లేకపోవచ్చు. మార్కెటింగ్ చేసేవాళ్లకి సోషల్ మీడియానే పని. అందరికీ ఒకే రూల్ పెట్టి, ఆ తర్వాత ఒక్కొక్కరికి మినహాయింపులు ఇస్తూ పోతే ఆరు నెలల్లో రూల్ అనేదే మిగలదు.

ఎవరి నుంచి కాపాడాలి? పొరపాటున తప్పు లింక్ నొక్కేవాళ్ల నుంచా, కావాలని దారి వెతికేవాళ్ల నుంచా? మొదటి రకానికి ఏ పద్ధతైనా చాలు. రెండో రకానికి చాలా పద్ధతులు ఒక పూటకి మించి నిలవవు.

రోజూ చూసుకునేది ఎవరు? "సార్, ఈ సైట్ రావట్లేదు" అనే ఫోన్ ఎవరికి వస్తుంది? ఆఫీసులో ఐటీ మనిషి లేకుండా బయటి నుంచి నెలకోసారి వచ్చే టెక్నీషియన్ మీద ఆధారపడితే, బలమైన పద్ధతి కంటే మీరే సరిచేసుకోగలిగే పద్ధతి మేలు.

అది ఆగితే ఏం ఆగుతుంది? కొన్ని పద్ధతుల్లో ఒక పెట్టె చెడిపోతే ఆఫీసు మొత్తానికి నెట్ పోతుంది. ఈ ప్రశ్న కొనేముందు ఎవరూ అడగరు.

ఏది ఎంచుకున్నా ఒక షరతు మాత్రం తప్పదు: ఉద్యోగులు వాడే విండోస్ ఖాతాకి అడ్మిన్ హక్కులు ఉండకూడదు. స్టాండర్డ్ యూజర్‌గానే ఉండాలి. అడ్మిన్ హక్కులు వదిలేసి సైట్లు బ్లాక్ చేయడమంటే దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే. ఐపీ, డీఎన్ఎస్ (సైట్ పేరు అడిగితే దాని ఐపీ చెప్పే సేవ), ఫైర్‌వాల్ (నెట్ రాకపోకలకి కాపలా) అన్నీ వాళ్లే మార్చుకోగలరు. పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ "అడ్మిన్‌గా నడిపితేనే పనిచేస్తుంది" అంటే చాలాసార్లు దానికి కావాల్సింది దాని ఫోల్డర్‌లో రాసే అనుమతి మాత్రమే. ఆ ఫోల్డర్‌కి అనుమతి ఇచ్చి చూడండి, అడ్మిన్ హక్కులు ఇవ్వకండి.

## నెట్‌వర్క్‌కి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

పాత రౌటర్లలో "యూఆర్ఎల్ కీవర్డ్ ఫిల్టర్" అని ఒకటి ఉండేది. అడ్రస్‌లో ఫలానా పదం ఉంటే ఆపేస్తుంది. సైట్లు మామూలు హెచ్‌టీటీపీలో ఉన్నంతకాలం అది పనిచేసింది. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లేవి. ఆ ఫిల్టర్ ఆన్ చేసి, ఏమీ ఆగకపోతే రౌటర్ పాడైందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రౌటర్ బాగానే ఉంది, దానికి అడ్రస్ కనిపించడం లేదంతే.

సిస్టమ్‌కీ సైట్‌కీ మధ్య ఉన్న పరికరానికి కనిపించేవి మూడే: సైట్ పేరు కోసం వెళ్లే డీఎన్ఎస్ ప్రశ్న, అవతలి ఐపీ అడ్రస్, కనెక్షన్ మొదట్లో బ్రౌజర్ బయటపెట్టే సైట్ పేరు. ఈ మూడోదాన్ని ఎస్ఎన్ఐ అంటారు. ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో అనే పద్ధతి వచ్చాక కొన్ని సైట్లకి అదీ దాగిపోతోంది. సైట్ లోపల ఏ పేజీ, ఏ వీడియో అన్నది తెలియదు. అంటే నెట్‌వర్క్ మధ్యలో నిలబడి యూట్యూబ్‌ని మొత్తంగా ఆపొచ్చు, లేదా మొత్తంగా వదలొచ్చు. "ట్రైనింగ్ వీడియోలు మాత్రం రావాలి, సినిమా పాటలు రాకూడదు" అంటే కుదరదు.

## ఒక్క చూపులో

పట్టికలో వచ్చే కొన్ని పేర్లు ముందే చెప్తాను. గేట్‌వే అంటే సిస్టమ్ నుంచి బయటి నెట్‌కి దారి, మామూలుగా రౌటరే. మ్యాక్ అంటే ప్రతి పరికరానికి ఉండే సొంత నంబరు. ప్రాక్సీ అంటే సిస్టమ్‌ల తరఫున సైట్లకి వెళ్లొచ్చే మధ్యవర్తి. వీపీఎన్ అంటే మధ్యలోవాళ్లకి కనిపించకుండా వెళ్లే ఎన్‌క్రిప్టెడ్ దారి. యూటీఎం అంటే చాలా రక్షణలు ఒకేదాంట్లో ఉన్న ఫైర్‌వాల్ పెట్టె.

| పద్ధతి | ఖర్చు | దేనికి బాగుంటుంది | మొబైల్ హాట్‌స్పాట్ మీద నిలుస్తుందా | ఎలా తప్పించుకుంటారు |
|---|---|---|---|---|
| సిస్టమ్‌లోనే రూల్స్ | ఏమీ లేదు, శ్రమ తప్ప | కొద్ది సిస్టమ్‌లు, వైట్‌లిస్ట్ | నిలుస్తుంది, గేట్‌వే తీసేయడం తప్ప | అడ్మిన్ హక్కులు ఉంటే, పోర్టబుల్ బ్రౌజర్‌తో |
| రౌటర్ సెట్టింగ్‌లు | ఉన్న రౌటర్‌తోనే | నెట్ మొత్తం కట్ చేయడం, టైమ్ టేబుల్ | నిలవదు | ఐపీ, మ్యాక్ మార్చి. రౌటర్ రీసెట్ చేసి |
| డీఎన్ఎస్ ఫిల్టర్ | ఉచితం నుంచి నెలవారీ చందా దాకా | అందరికీ బ్లాక్‌లిస్ట్, హానికర సైట్లు | నిలవదు | వేరే డీఎన్ఎస్, వీపీఎన్ |
| ప్రాక్సీ సర్వర్ | ఒక పాత సిస్టమ్ | గట్టి వైట్‌లిస్ట్, యూజర్‌వారీ లాగ్ | సెట్టింగ్ లాక్ చేస్తే నెట్టే రాదు | రౌటర్‌లో నేరు దారి మూయకపోతే |
| ఫైర్‌వాల్, యూటీఎం | పెట్టె, ఏటా లైసెన్స్ | ఎక్కువ సిస్టమ్‌లు, విభాగాలవారీ రూల్స్ | నిలవదు | ఆపని వీపీఎన్‌లు |

## సిస్టమ్‌లోనే కట్టడి

ఇందులో నాలుగైదు చిట్కాలున్నాయి, అన్నీ ఒక స్థాయివి కావు.

హోస్ట్స్ ఫైల్‌లో సైట్ పేరు రాసి 0.0.0.0 కి మళ్లించడం అందరికీ తెలిసిందే. దానికి వైల్డ్‌కార్డ్ ఉండదు, ప్రతి సబ్‌డొమైన్ విడివిడిగా రాయాలి. రెండు మూడు సైట్లకి తప్ప దాని మీద టైమ్ పెట్టడం దండగ.

ఇంకో పాత చిట్కా దొంగ ప్రాక్సీ. విండోస్ ప్రాక్సీ సెట్టింగ్‌లో 127.0.0.1 (అంటే ఆ సిస్టమ్‌నే) అని పెట్టి, అనుమతించే సైట్లని "మినహాయింపులు" గడిలో రాస్తారు. అక్కడ ప్రాక్సీయే లేదు కాబట్టి మిగతావేవీ తెరుచుకోవు. పైసా ఖర్చు లేని వైట్‌లిస్ట్. కానీ ఆ సెట్టింగ్ పేజీని పాలసీతో (అడ్మిన్ పెట్టే, యూజర్ మార్చలేని సెట్టింగ్) లాక్ చేయకపోతే తీసేయడానికి పది సెకన్లు చాలు.

అస్సలు నెట్ అక్కర్లేని సిస్టమ్‌కి ఫిక్స్‌డ్ ఐపీ ఇచ్చి డీఫాల్ట్ గేట్‌వే గడి ఖాళీగా వదిలేయడం అన్నిటికంటే సింపుల్. లోకల్ సర్వర్, ప్రింటర్, షేర్డ్ ఫోల్డర్ ఒకే సబ్‌నెట్‌లో (ఒకే లోకల్ నెట్‌వర్క్ భాగంలో) ఉంటే యథావిధిగా పనిచేస్తాయి, నెట్ మాత్రం రాదు. ఇక్కడో మెలిక ఉంది. మీ కనెక్షన్‌లో ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) ఉంటే దాని గేట్‌వేని సిస్టమ్ రౌటర్ నుంచి తనంతట తానే తీసుకుంటుంది. అప్పుడు చాలా సైట్లు రావు గానీ గూగుల్, యూట్యూబ్ మాత్రం హాయిగా వచ్చేస్తాయి, ఎందుకంటే అవి ఐపీవీ6 మీద కూడా ఉంటాయి. ఆపాలనుకున్నవి వచ్చి, మిగతావి రాకుండా పోవడం చూసి జుట్టు పీక్కునేవాళ్లకి కారణం ఇదే. ఆ సిస్టమ్ నెట్‌వర్క్ అడాప్టర్‌లో ఐపీవీ6 టిక్ తీసేయండి. ఇలా కట్ చేసిన సిస్టమ్‌కి విండోస్ అప్‌డేట్‌లు, యాంటీవైరస్ డెఫినిషన్‌లు రావని, కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ చెక్ ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. నెలకో రోజు గేట్‌వే ఇచ్చి అప్‌డేట్ చేసి మళ్లీ తీసేయాల్సిందే.

విండోస్ ఫైర్‌వాల్‌ని చాలామంది బయటి నుంచి వచ్చేవాటికే అనుకుంటారు. మామూలుగా అది లోపలి నుంచి బయటికి వెళ్లేవాటిని వదిలేస్తుంది, కానీ అవుట్‌బౌండ్ రూల్స్ రాస్తే వాటినీ ఆపుతుంది. ఫలానా ప్రోగ్రామ్‌కి నెట్ వద్దు అనొచ్చు, ఫలానా ఐపీలకే వెళ్లాలి అనొచ్చు. ఒక్కటే జాగ్రత్త: ఒకే కనెక్షన్‌కి బ్లాక్ రూల్, అలో రూల్ రెండూ తగిలితే బ్లాక్‌దే పైచేయి. అందుకే "అన్నీ బ్లాక్" అని ఒక రూల్ రాసి దాని కింద అలో రూల్స్ పేరిస్తే పనిచేయదు. ప్రొఫైల్ ప్రాపర్టీస్‌లో అవుట్‌బౌండ్‌ని డీఫాల్ట్‌గా బ్లాక్ అని మార్చి, తర్వాత అలో రూల్స్ రాయాలి.

వీటన్నిటిలో నేను మొగ్గేది బ్రౌజర్ పాలసీ వైపు. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ యూఆర్ఎల్ బ్లాక్‌లిస్ట్, యూఆర్ఎల్ అలోలిస్ట్ అనే పాలసీలున్నాయి. బ్లాక్‌లిస్ట్‌లో ఒక్క నక్షత్రం గుర్తు పెట్టి, అలోలిస్ట్‌లో మీకు కావాల్సిన డొమైన్‌లు రాస్తే గట్టి వైట్‌లిస్ట్ తయారైనట్టే. ఒక్కో జాబితాలో 1000 దాకా రాసుకోవచ్చు. గ్రూప్ పాలసీ ఎడిటర్ లేని విండోస్ హోమ్‌లో రిజిస్ట్రీ ద్వారా పెట్టుకోవచ్చు. ఇన్‌కాగ్నిటో తెరిచినా పాలసీ వదలదు. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే పని చేసే పాలసీ పేరు వెబ్‌సైట్ ఫిల్టర్.

ఇది నచ్చడానికి రెండు కారణాలు. మొదటిది, ఇది సిస్టమ్‌తో పాటే ఉంటుంది. లాప్‌టాప్ ఇంటికి వెళ్లినా, మొబైల్ హాట్‌స్పాట్‌కి కలిపినా రూల్ మారదు. రెండోది, క్రోమ్ పాలసీ మీరు ఏ పేజీకి వెళ్తున్నారన్నదే చూస్తుంది, ఆ పేజీ లోపలికి వేరే డొమైన్ నుంచి వచ్చే బొమ్మలు, స్క్రిప్ట్‌ల జోలికి పోదు. దీని విలువ ప్రాక్సీ దగ్గరికి వెళ్లాక తెలుస్తుంది. సైట్‌లో ఒక భాగాన్ని మాత్రమే ఆపడం కూడా రాతలో కుదురుతుంది గానీ, పేజీ మొత్తం లోడ్ కాకుండా లోపలే మారిపోయే సైట్లలో అది నమ్మకంగా పనిచేయదు.

లోటు ఏమిటంటే ఇది ఆ బ్రౌజర్‌కే రూల్. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న పోర్టబుల్ బ్రౌజర్‌కి ఇది పట్టదు, అలాంటివి స్టాండర్డ్ యూజర్ కూడా నడపగలడు. పైగా ఒక్కో సిస్టమ్ దగ్గరికి వెళ్లి పెట్టాలి. అన్ని సిస్టమ్‌లనీ ఒకేచోటి నుంచి నడిపే డొమైన్ సర్వర్ లేని ఆఫీసులో పది సిస్టమ్‌ల వరకు ఓపిక ఉంటుంది, ముప్పై అయితే ఉండదు.

## రౌటర్‌లోనే ఉన్న సదుపాయాలు

పేరెంటల్ కంట్రోల్, యాక్సెస్ కంట్రోల్, షెడ్యూల్ — కంపెనీని బట్టి పేరు మారుతుంది, లోపల సరుకు దాదాపు ఒకటే. రౌటర్ బాగా చేసే పని సైట్లని వడకట్టడం కాదు, ఒక సిస్టమ్‌కి నెట్‌ని పూర్తిగా ఆపడం. ముందు ప్రతి సిస్టమ్‌కి మ్యాక్ అడ్రస్‌ని బట్టి ఐపీ రిజర్వ్ చేయాలి. లేకపోతే ఈరోజు బిల్లింగ్ సిస్టమ్‌కి రాసిన రూల్ రేపు మేనేజర్ సిస్టమ్ మీద పడుతుంది. ఆ తర్వాత "ఈ ఐపీకి బయటికి దారి లేదు" అని ఒక్క రూల్ చాలు.

ఫోన్ల విషయంలో మ్యాక్ ఫిల్టర్ మీద ఆశ పెట్టుకోకండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి కలిసేటప్పుడు అసలు మ్యాక్ కాకుండా ఊరికే పుట్టించిన ఒక మ్యాక్ చూపిస్తున్నాయి. ఫోన్లకి గెస్ట్ వైఫై విడిగా ఇచ్చేయడమే మంచిది. అసలు ఉద్యోగులకి ఫోన్‌లో నెట్ ఉంటే, ఆఫీసు సిస్టమ్‌లో దారులు వెతికే ఉబలాటం సగం తగ్గుతుంది.

షెడ్యూల్ పెట్టేవాళ్లు రౌటర్‌లో టైమ్ జోన్ చూసుకోవాలి. అది తప్పుగా ఉంటే లంచ్ టైమ్‌లో తెరవమన్న సైట్లు పొద్దున్నే తెరుచుకుంటాయి, ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి నెలలు గడిచినా బయటపడదు.

ఇంకో రెండు రంధ్రాలు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ దాని అడుగున స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. మార్చకపోతే రూల్స్ పెట్టీ లాభం లేదు. మార్చినా, వెనక రీసెట్ బొత్తాంలో పిన్ను గుచ్చితే అన్నీ మాయం. అది చేతికి అందని చోట ఉండాలి. నెట్ కంపెనీ ఇచ్చిన మోడెమ్ వెనక మీ సొంత రౌటర్ పెట్టుకుని ఉంటే, ఆ మొదటి మోడెమ్ వైఫై ఆపారో లేదో చూడండి. రూల్స్ అన్నీ రెండో రౌటర్‌లో ఉంటే, దాన్ని దాటేసి మొదటిదానికి కలిసేవాళ్లని ఆపేదేమీ ఉండదు.

## డీఎన్ఎస్ ఫిల్టర్

చిన్న ఆఫీసులో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. సైట్ పేరు అడిగితే ఐపీ చెప్పాల్సిన సర్వర్ "అలాంటిది లేదు" అంటుంది, అంతే. రౌటర్‌లో ఒక్కచోట మారిస్తే అందరికీ వర్తిస్తుంది.

రెడీమేడ్ అడ్రస్‌లు ఉచితం. క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.2 హానికర సైట్లని ఆపుతుంది, 1.1.1.3 వాటితో పాటు అశ్లీల సైట్లనీ ఆపుతుంది. క్వాడ్9 వారి 9.9.9.9 హానికర సైట్ల వరకే. ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్ 208.67.222.123. వైరస్ గొడవతో మొదలుపెట్టిన ఆఫీసుకి ఇవి పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు, పెట్టకపోవడానికి కారణమూ లేదు. కానీ ఇవేవీ యూట్యూబ్‌ని, షాపింగ్‌ని ఆపవు. అవి కావాలంటే విభాగాల వారీగా ఎంచుకునే ఖాతా ఉన్న సేవ తీసుకోవాలి, లేదా సొంతంగా పై-హోల్, ఆడ్‌గార్డ్ హోమ్ లాంటి ఫిల్టర్ ప్రోగ్రామ్‌ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీదో పాత సిస్టమ్ మీదో నడపాలి. ఖాతా సేవల్లో మీ ఆఫీసుని గుర్తించేది మీ పబ్లిక్ ఐపీతో. అది తరచు మారే కనెక్షన్ అయితే దాన్ని అప్‌డేట్ చేసే చిన్న ప్రోగ్రామ్ ఒక సిస్టమ్‌లో నడుస్తూ ఉండాలి. అది ఆగిన రోజు ఫిల్టర్ కూడా ఆగుతుంది.

సొంతంగా నడిపేదానిలో సిస్టమ్‌ని బట్టి వేరే రూల్స్ పెట్టుకోవచ్చు. పై-హోల్‌కి 2020లో వచ్చిన 5వ వెర్షన్‌తో గ్రూపులు వచ్చాయి. గూగుల్ సేఫ్ సెర్చ్‌ని, యూట్యూబ్ రిస్ట్రిక్టెడ్ మోడ్‌ని అందరికీ తప్పనిసరి చేయడం కూడా డీఎన్ఎస్‌తోనే కుదురుతుంది.

సొంత సర్వర్ పెట్టిన చాలామంది ఒక చోట జారతారు. అది ఆగితే నెట్ పోతుందన్న భయంతో రెండో డీఎన్ఎస్ గడిలో గూగుల్ వారి 8.8.8.8 రాస్తారు, అది ఏదీ వడకట్టదు. రెండోది మొదటిది పడిపోయినప్పుడే వాడతారనుకుంటే పొరపాటు. విండోస్ మొదటిదాని జవాబు కాస్త ఆలస్యమైనా రెండోదాన్ని అడిగేస్తుంది. ఫలితం: ఆపిన సైట్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. రెండో గడి ఖాళీగా ఉంచండి, లేదా రెండో ఫిల్టర్ సర్వర్ పెట్టండి. ఐపీవీ6 మెలిక ఇక్కడా ఉంది. రౌటర్ ఐపీవీ4 డీఎన్ఎస్‌గా మీ ఫిల్టర్‌ని, ఐపీవీ6 డీఎన్ఎస్‌గా నెట్ కంపెనీ సర్వర్‌ని పంచుతూ ఉండొచ్చు.

ఇక తప్పించుకునే దారులు మూయాలి. రౌటర్‌లో 53వ పోర్ట్ (డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే దారి నంబరు) మీద మీ ఫిల్టర్ తప్ప ఇంకెవరికీ బయటికి దారి ఉండకూడదు. 853ని ఆపేస్తే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లే డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ కూడా పోతుంది. డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ మాత్రం మామూలు సైట్లతో కలిసి 443 మీద వెళ్తుంది, పోర్ట్‌తో పట్టుకోలేం. క్రోమ్ తనంతట తాను వేరే కంపెనీ డీఎన్ఎస్‌కి మారదు, యూజర్ మారిస్తేనే మారుతుంది. కాబట్టి బ్రౌజర్ పాలసీతో ఆ సెట్టింగ్‌ని ఆఫ్‌లో లాక్ చేయడమే దీనికి విరుగుడు. మీ రౌటర్‌లో 53ని మూసే సదుపాయం లేకపోతే, డీఎన్ఎస్ ఫిల్టర్ పొరపాటు చేసేవాళ్ల కోసమే తప్ప దారులు వెతికేవాళ్ల కోసం కాదని ఒప్పుకుని ముందుకెళ్లండి.

## ప్రాక్సీ సర్వర్

లినక్స్‌లో స్క్విడ్, విండోస్‌లో సీసీప్రాక్సీ. ఒక పాత సిస్టమ్ చాలు. బ్రౌజర్‌కి నేరుగా బయటికి వెళ్లకుండా "ప్రాక్సీని అడుగు" అని చెప్తాం. స్క్విడ్ మామూలుగా 3128 పోర్ట్ మీద వింటుంది. హెచ్‌టీటీపీఎస్ అయినా సరే, ప్రాక్సీ ద్వారా వెళ్లేటప్పుడు బ్రౌజర్ సైట్ పేరుని స్పష్టంగా చెప్పి దారి అడుగుతుంది కాబట్టి, ఎన్‌క్రిప్షన్ విప్పకుండానే పేరుని బట్టి ఆపొచ్చు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెడితే ఎవరు ఎప్పుడు ఏ సైట్‌కి వెళ్లారో లాగ్ ఉంటుంది. లాగ్ పెడితే ఆ సంగతి ఉద్యోగులకి ముందే చెప్పాలి, దొంగచాటుగా పెట్టకూడదు.

దీని బలమంతా ఒక్క రూల్‌లో ఉంది: రౌటర్‌లో బయటికి వెళ్లే దారి ప్రాక్సీ ఐపీకి మాత్రమే తెరవాలి, మిగతా అన్నిటికీ మూసేయాలి. అప్పుడు ఎవరైనా బ్రౌజర్‌లో ప్రాక్సీ సెట్టింగ్ తీసేస్తే వాళ్లకి స్వేచ్ఛ రాదు, ఉన్న నెట్ కూడా పోతుంది. ఈ రూల్ లేని ప్రాక్సీ అలంకారమే.

ఇప్పుడు వైట్‌లిస్ట్ నరకం సంగతి. బ్యాంకు సైట్‌ని అనుమతించారు. లాగిన్ పేజీ వచ్చింది, కానీ క్యాప్చా ఉండాల్సిన చోట తెల్లటి గడి. ఎందుకంటే క్యాప్చా వేరే డొమైన్ నుంచి వస్తుంది. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని రీలోడ్ చేస్తే, ఆగిపోయినవి ఎర్రగా కనిపిస్తాయి. ఆ పేర్లు చూసి ఒక్కొక్కటే జాబితాలో చేర్చాలి. క్యాప్చా వచ్చింది, ఇప్పుడు ఫాంట్ రాలేదు, బొత్తాం మీద అక్షరాల బదులు చతురస్రాలు. అదీ చేర్చారు. రెండు రోజుల తర్వాత ఎవరో కార్డుతో ఆన్‌లైన్‌లో ఏదో కొనబోతే ఓటీపీ పేజీ రాదు, ఎందుకంటే అది ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు సైట్‌కి వెళ్తుంది, కార్డు మారితే సైట్ మారుతుంది. అందుకే కొనుగోళ్లు చూసే మనిషి సిస్టమ్‌కి ఈ రకం వైట్‌లిస్ట్ పెట్టొద్దని నా సలహా. రోజూ అవే నాలుగు పోర్టల్‌లు వాడే డేటా ఎంట్రీ సిస్టమ్‌లకి మాత్రం ఇంతకంటే గట్టిది లేదు.

ప్రాక్సీ అంటే ఏమిటో తెలియని ప్రోగ్రామ్‌లు ఉంటాయని కూడా చూసుకోండి. మెయిల్ సాఫ్ట్‌వేర్ 993, 587 పోర్ట్‌ల మీద నేరుగా వెళ్లాలనుకుంటుంది. వాటికి రౌటర్‌లో విడిగా దారి ఇవ్వాలి.

## ఫైర్‌వాల్ పెట్టె

రెండు రకాలు. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటివి ఉచితం, రెండు నెట్‌వర్క్ కార్డులున్న సిస్టమ్ మీద వేసుకోవచ్చు; తెలిసిన మనిషి ఉంటే పైన చెప్పిన రౌటర్, డీఎన్ఎస్, ప్రాక్సీ పనులన్నీ ఒక్కచోటే చేస్తాయి. రెండో రకం ఫోర్టిగేట్, సోఫోస్ లాంటి యూటీఎం పెట్టెలు. "సోషల్ మీడియా, సేల్స్ విభాగానికి తప్ప" అని క్లిక్‌లతో రూల్ పెట్టే హాయి వీటిలో ఉంది. ఆ వర్గీకరణ కంపెనీ సర్వర్ల నుంచి వస్తుంది కాబట్టి ఏటా లైసెన్స్ కట్టాలి. కొనేటప్పుడు పెట్టె ధర ఒక్కటే చూసి, మూడేళ్ల లైసెన్స్ కలిపి లెక్కేసుకోకపోతే రెండో ఏడాది కళ్లు తిరుగుతాయి.

అమ్మేవాళ్లు ఎస్ఎస్ఎల్ ఇన్‌స్పెక్షన్ గురించి గొప్పగా చెప్తారు. అంటే పెట్టె మధ్యలో ఎన్‌క్రిప్షన్ విప్పి, లోపల చూసి, మళ్లీ మూసి పంపుతుంది. ప్రతి సిస్టమ్‌లో దాని సర్టిఫికెట్ వేయాలి, బ్యాంకులని మినహాయించాలి, కొన్ని యాప్‌లు ఆ సర్టిఫికెట్‌ని ఒప్పుకోక ఆగిపోతాయి. ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు కూడా ఆ పెట్టెలోంచి విప్పిన రూపంలోనే వెళ్తాయి. పదిహేను సిస్టమ్‌ల ఆఫీసుకి ఇది అనవసరం, సైట్ పేరుని బట్టి ఆపడం చాలు. ఈ పెట్టెల్లో తప్పక చేయాల్సిన ఇంకో పని, యూడీపీ 443ని మూయడం. బ్రౌజర్లు క్విక్ అనే ప్రోటోకాల్‌తో ఆ దారిలో వెళ్తే కొన్ని ఫిల్టర్లకి సైట్ పేరు అందదు. మూసేస్తే అవే మామూలు టీసీపీకి దిగి వస్తాయి, యూజర్‌కి తేడా తెలియదు.

## మరి హాట్‌స్పాట్ సంగతి?

ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో సిస్టమ్‌కి కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే రౌటర్, డీఎన్ఎస్, ఫైర్‌వాల్ అన్నీ పక్కకి పోతాయి. పైగా ఆ సిస్టమ్ ఇటు ఆఫీసు నెట్‌వర్క్‌లోనూ అటు బయటి నెట్‌లోనూ ఒకేసారి ఉంటుంది, అది సైట్లు చూడటం కంటే పెద్ద ప్రమాదం. దీన్ని ఆపగలిగేది సిస్టమ్‌లో పెట్టిన రూల్ మాత్రమే. డెస్క్‌టాప్‌లో వైఫై అడాప్టర్ ఉంటే డిజేబుల్ చేయండి, కొత్త పరికరాల ఇన్‌స్టాలేషన్‌ని గ్రూప్ పాలసీతో ఆపండి, బ్రౌజర్ పాలసీ ఎలాగూ ఉంటుంది. పెద్ద పెట్టె కొని ఇది వదిలేస్తే పెట్టిన డబ్బుకి అర్థం లేదు.

## ఎవరు ఏది తీసుకోవాలి

ఐదారు సిస్టమ్‌లు, ఐటీ మనిషి లేరు: రౌటర్‌లో 1.1.1.2 లేదా 9.9.9.9, అందరికీ స్టాండర్డ్ ఖాతాలు, నెట్ అక్కర్లేని సిస్టమ్‌ని రౌటర్‌లో ఐపీతో కట్ చేయడం. వీడియోల గొడవ ఒకరిద్దరిదైతే వాళ్ల సిస్టమ్‌లో బ్రౌజర్ పాలసీ. ఇంకేమీ కొనొద్దు.

పది నుంచి పాతిక, పనులు వేరువేరు: పై-హోల్ లేదా ఆడ్‌గార్డ్ హోమ్‌లో గ్రూపులు, 53వ పోర్ట్ మూయగలిగే రౌటర్, డేటా ఎంట్రీ సిస్టమ్‌లకి బ్రౌజర్ వైట్‌లిస్ట్. నేనైతే చాలా ఆఫీసులకి ఇక్కడే ఆగమంటాను.

డేటా ఎంట్రీ, కాల్ సెంటర్ లాంటి పని, అందరికీ అవే నాలుగు సైట్లు: ప్రాక్సీ, దానితో పాటు రౌటర్‌లో నేరు దారి మూసివేత. మొదటి వారం ఏదీ ఆపకుండా లాగ్ మాత్రం తీయండి. పనికి నిజంగా ఏ డొమైన్‌లు కావాలో ఆ లాగే చెప్తుంది, వైట్‌లిస్ట్ దాని నుంచే తయారుచేయండి. నెలాఖరులో మాత్రమే తెరిచే పోర్టల్‌లు ఆ వారం లాగ్‌లో ఉండవు, వాటిని అకౌంటెంట్‌ని అడిగి చేర్చుకోవాలి.

కస్టమర్ల ముఖ్యమైన డేటా ఉంది, పాతిక దాటిన సిస్టమ్‌లు, విభాగాలు: యూటీఎం పెట్టె, మేనేజ్డ్ స్విచ్‌తో వీల్యాన్‌లు (ఒకే వైరింగ్ మీద విడివిడి నెట్‌వర్క్‌లు). అకౌంట్స్ ఒక వీల్యాన్, గెస్ట్ ఫోన్లు ఒకటి, సీసీ కెమెరాలు ఇంకొకటి. కెమెరాలకి, ప్రింటర్లకి బయటి నెట్ ఇవ్వాల్సిన పని సాధారణంగా ఉండదు, కెమెరాల్ని ఫోన్‌లో చూసే యజమాని ఒక్కరు తప్ప. ఆ ఒక్కరికి వీపీఎన్ ఇవ్వండి, కెమెరాలకి దారి తెరవకండి.